వంటింటి ముచ్చట్లు: వారం సోమవారం కాదు, అంగడి నాడు మొదలుపెట్టు

ప్రశ్న: అక్కా నమస్తే. మాది జడ్చర్ల. నేను, మా ఆయన ఇద్దరం డ్యూటీకి పోతం, ఇద్దరు పిల్లలు. ఫోన్ల చూసి వారానికి 21 పూటలకు టైంటేబుల్ రాసి ఫ్రిజ్‌కి అంటించిన. సోమ, మంగళ మంచిగనే నడిచింది, బుధవారం మా ఆడబిడ్డ వచ్చింది, ఇగ అంతే. శనివారం ఫ్రిజ్ తీస్తే పాలకూర నల్లగై నీళ్లు కారుతుంది. మా అత్తమ్మ ఏ కాగితం లేకుండనే 40 ఏండ్ల సంది వండుతుంది, నాకెందుకు అయితలేదు? నా చేతి వంట కూడ అట్లనే ఉంది, ఏం మెరుగుపడలే.

జవాబు: చెల్లె, ముందుగాల ఆ కాగితం చింపెయ్. 21 పూటలకు 21 తీర్లు రాసినవంటే అది హోటల్ మెనూ, ఇల్లు కాదు. అత్తమ్మ దగ్గర కాగితం లేదన్నవ్ గని ప్లాన్ లేదనుకోకు, ఆమె ప్లాన్ అంగడి, అంటే వారం సంత. అంగడి నుంచి తెచ్చిన నాడు పుంటికూరో పాలకూరో అయిపోతది, తెల్లారి మిగిలిన ఆకు పప్పుల పడ్తది, తర్వాత బెండకాయ, బీరకాయ, వంకాయ, ఆఖరికి ఆనిగెపుకాయ, ఆలుగడ్డ. ఏది ముందు పాడైతదో అది ముందు వండుతది, అంతే. నువ్వు మాత్రం శుక్రవారానికి పాలకూర రాసిపెట్టుకున్నవ్, అది నీ కాగితం చదువుకుంట కూసుంటదా? అందుకే మీ ఊర్ల అంగడి ఏ రోజైతే ఆ రోజే నీ వారం మొదలు. ఆకుకూర కడిగి పెట్టకు, తడి ఉంటె తొందరగ మురుగుతది, పొడి బట్టల చుట్టి పెట్టు, వండేటప్పుడే కడుగు.

ఇగ వారానికి ఐదు రోజులే రాసుకో, రెండు రోజులు ఖాళీ. ఆడబిడ్డ వచ్చినా, పెండ్లి భోజనం తగిలినా ఆ ఖాళీల పోతది. ఎవ్వరు రాకపోతే ఆ నాడు పచ్చిపులుసు, గుడ్డు. పచ్చిపులుసుకి పొయ్యి మీద పని ఎంతని, నాలుగు పచ్చిమిరపకాయలు మంట మీద కాల్చి, ఉప్పేసి చేతితోని నలిపి, చింతపండు రసంల కలిపి, సన్నగ తరిగిన ఉల్లిగడ్డ, రెండు చెంచాల నువ్వుల పొడి వేసి పోపు పెడితె 10 నిమిషాలు. ఆ నువ్వుల పొడి, పల్లీల పొడి మాత్రం అంగడి నాడే వేయించి సీసాలల్ల పెట్టుకో, వారమంతా నిన్ను నిలబెట్టేవి అవే. మన పాలమూరు దిక్కు పల్లీలకు కొదవ లేదు గద.

పప్పు కూడ ఒక్కసారి ఉప్పు, పులుపు ఏం లేకుండ ఉత్తగ ఉడకబెట్టి, చల్లారినంక డబ్బాల పోసి ఫ్రిజ్‌ల పెట్టు. ఒకనాడు పాలకూర పప్పు, ఇంకోనాడు పప్పుచారు. మూడు రోజులల్ల అయిపోవాలె, నాలుగో రోజు దాక సాగదియ్యకు.

వంట మెరుగుపడతలేదన్నవ్ చూడు, అసలు ముచ్చట అదే. రోజుకో కొత్తది చేస్తె దేనికీ చెయ్యి తిరగదు. నాకు జొన్నరొట్టె ఎట్ల వచ్చిందో చెప్త. మొదట్ల అంచులన్నీ పగిలి ఆంధ్రా మ్యాప్ తీరు వస్తుండె, మా ఇంట్ల నవ్వుతుండ్రి. ఆదివారం రాత్రి రొట్టె అని గట్టిగ పెట్టుకున్న, తప్పకుండ ప్రతి వారం. మూడోసారికి తెలిసింది నీళ్లు మసలలేదని. గోధుమల ఉండే గ్లూటెన్, అంటే పిండిని సాగేటట్టు పట్టి ఉంచే జిగురు, జొన్నల ఉండదు, బుడగలొచ్చే వేడినీళ్లు పడితెనే పిండి అతుక్కుంటది. ఐదోసారికి తెలిసింది అరచేతి కింది భాగంతోని ఇంకా రుద్దాలని, ఒకేసారి అంత కలిపి పెట్టొద్దు, ఒక్కో ముద్ద అప్పటికప్పుడు పిసకాలె అని. క్యాలెండర్ మీద ఆ తేదీ గడిల రెండు ముక్కలే రాస్తుంటి, "నీళ్లు చల్లగైనయ్", "అంచు మంచిగొచ్చింది". నువ్వు కూడ రెండు వంటలు పట్టుకో, ఏవో రెండు, రెండు నెలలు వదలకు.

ప్రశ్న: మిర్యాలగూడల రూంల ఉంటున్న అక్కా. మంచి కందిపప్పే తెస్త, కుక్కర్ల 8 విజిల్స్ వచ్చినా పలుకు పలుకే. వారానికి సరిపడ ఒకేసారి ఉడకబెడదామంటే ఇట్లయితుంది.

జవాబు: తమ్ముడు, పప్పు తప్పు కాకపోవచ్చు, నీళ్లు చూడు. బోరు నీళ్లేనా? మన నల్గొండ దిక్కు బోరు నీళ్లు చానా చోట్ల ఉప్పగ ఉంటయ్, కఠిన జలం అంటరు గద, ఆ నీళ్లల్ల ఉన్న కాల్షియం పప్పుని మెత్తబడనియ్యదు. ఫిల్టర్ నీళ్లో, నల్లా నీళ్లో పోసి చూడు. పప్పు అరగంట నానబెట్టు. చింతపండు, టమాటా మాత్రం ఉడికినంకనే వెయ్, పులుపు ముందు పడితె మెత్తబడదు. వంటసోడా చిటికెడు వేస్తె ఉడుకుతది గని అందుల బీ1 విటమిన్ పోతది, రుచి కూడ సబ్బు తీరైతది, నేనైతే వద్దంట. 2022ల జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి ప్రత్యేక పంట అని సర్కారు ఇచ్చే గుర్తింపు) వచ్చిన తాండూరు కందిపప్పు తెచ్చినా ఈ నీళ్లల్ల దాని గొప్పతనం తెల్వదు. ఇవన్నీ చేసినా కాకపోతే పప్పు పాతదన్నట్టు, దుకాణం మార్చు. వారం మొత్తానికి మాత్రం ఒకేసారి ఉడకబెట్టకు, పైన చెల్లెకు చెప్పినట్టు మూడు రోజులకే.

ప్రశ్న: పొద్దుగాల అన్నం రెండు పూటలకు ఒకేసారి వండితె ఏమన్నా అయితదా? (వనపర్తి నుంచి ఒక అమ్మ)

జవాబు: ఎండాకాలం అయితే వద్దమ్మా. అన్నంల ఒక తీరు బ్యాక్టీరియా ఉంటది, వెచ్చగ బయట గంటల కొద్ది పెడితె విషం చేస్తది, అది మళ్ల వేడి చేసినా పోదు. వండాలంటే వండినంక ఎడల్పు పళ్లెంల ఆరబోసి, రెండు గంటల లోపలనే మూత పెట్టి ఫ్రిజ్‌ల పెట్టు, మాపటికి ఎంత కావాలో అంతే తీసి వేడి చెయ్.