పదివేల అడుగుల ఎత్తులో టెంటు వేస్తున్నారా? ముందు వంట సంగతి చూసుకోండి

సందేహం: డెన్వర్ వచ్చి ఆర్నెల్లయింది. క్యాంప్‌గ్రౌండ్లన్నీ నిండిపోయాయి. నేషనల్ ఫారెస్ట్‌లో ఎక్కడైనా ఉచితంగా టెంటు వేసుకోవచ్చంటున్నారు, నిజమేనా? జూలైలో రెండు కుటుంబాలం వెళ్దామనుకుంటున్నాం.

జవాబు: నిజమే, కానీ ఆ ‘ఎక్కడైనా’ను నమ్ముకుని బయల్దేరకండి. నేషనల్ పార్కు వేరు, నేషనల్ ఫారెస్ట్ వేరు. రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో ఇష్టమొచ్చిన చోట దిగితే కుదరదు. ఫారెస్ట్‌లోనూ ఏ రోడ్డు పక్కన దిగొచ్చో ‘మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్’లో ఉంటుంది. ఆ మ్యాప్ ఉచితమే. పైన సిగ్నల్ ఉండదు కాబట్టి ఇంట్లోనే ఫోన్లోకి దింపుకోండి. నీళ్లు, టాయిలెట్, చెత్తకుండీ ఏవీ ఉండవు.

చోటు చూసేటప్పుడు ముందు తల పైకెత్తండి. పురుగు పట్టి చచ్చి నిలబడ్డ పైన్ చెట్లు కొలరాడో అడవుల్లో బోలెడు. గాలి లేకపోయినా పడతాయి. పచ్చిక మైదానం అందంగా కనిపిస్తుంది గానీ రాత్రి చల్లగాలంతా పల్లంలోకే దిగుతుంది. కాస్త మెరక మీద, వాగుకు 200 అడుగుల దూరంలో, అంటే సుమారు 70 పెద్ద అంగలు వేసినంత దూరంలో దిగండి. మధ్యాహ్నం ఉరుములు మామూలే కాబట్టి కొండ శిఖరాల మీద వద్దు.

ఇక చలి. వెయ్యి అడుగులు ఎక్కితే దాదాపు మూడున్నర డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుతుంది. డెన్వర్‌లో రాత్రి 60 ఉంటే పైన 40కి అటూఇటూ. స్లీపింగ్ బ్యాగ్ మీద 20 అని రాసి ఉంటే అది చాలా బ్యాగుల్లో చలిని ఎలాగోలా తట్టుకునే లెక్కే తప్ప హాయిగా నిద్రపట్టే లెక్క కాదు. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది చుట్టాలొస్తే వేసే గాలిపరుపుతో. లోపలి గాలి నేల చలిని తిన్నగా వీపుకు చేరుస్తుంది. ఆర్-వాల్యూ, అంటే నేల చలిని ఆపే కొలత, 4 దాటిన ప్యాడ్ కొనండి. ఎంత చలేసినా బొగ్గుల కుంపటి గానీ స్టవ్ గానీ టెంటు లోపల పెట్టొద్దు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

వంట దగ్గరే అసలు తంటా. పదివేల అడుగుల ఎత్తులో నీళ్లు సుమారు 90 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి. తెర్లుతూనే ఉంటాయి, అన్నం పలుకు మాత్రం విడవదు. కందిపప్పు గంట ఉడికించినా గింజ గింజగానే ఉంటుంది. మూడు లీటర్ల కుక్కర్ పట్టుకెళ్లండి, ఇంట్లో కంటే ఒకటి రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వండి. లేదా ఉప్మారవ్వ ఇంట్లోనే పోపుతో వేయించి కవర్లో పోసుకోండి, దానికి ఆ వేడి చాలు. మొదటి పూటకు పులిహోరను మించింది లేదు. స్టోర్లలో దొరికే పొడుగు డబ్బా బ్యూటేన్ స్టవ్ తెల్లవారుజామున మొండికేస్తుంది. చలికి బ్యూటేన్ సరిగా ఆవిరి కాదు, డబ్బాలో గ్యాస్ ఉన్నా మంట నీరసంగా వస్తుంది. ప్రొపేన్‌తో నడిచే స్టవ్ నయం. తాగడానికి మనిషికి రోజుకో గ్యాలన్ తీసుకెళ్లండి. వాగు నీళ్లయితే మూడు నిమిషాలు తెర్లనివ్వాలి.

బయల్దేరే ముందురోజు ఫైర్ రిస్ట్రిక్షన్స్, అంటే అడవిలో మంట మీద ఆంక్షలు, ఉన్నాయేమో చూడండి. స్టేజ్-1 ఉంటే ఇలాంటి చోట కట్టెల మంట, బొగ్గుల గ్రిల్ రెండూ నిషిద్ధం. తిప్పి ఆర్పే వాల్వు ఉన్న గ్యాస్ స్టవ్ ఒక్కటే గతి.

తిండి, పచ్చడి సీసా, టూత్‌పేస్ట్, కొబ్బరినూనె, ఏ వాసనొచ్చేదైనా కారులో పెట్టి తాళం వేయండి. తాళం వేయని డోరును ఎలుగు తెరవగలదు. వంట కూడా టెంటుకు దూరంగానే. చెంబుతో వాగు గట్టుకు వెళ్లే అలవాటు ఇక్కడ పనికిరాదు. నీటికి 200 అడుగుల దూరంలో ఆరు నుంచి ఎనిమిది అంగుళాల గొయ్యి తవ్వి పూడ్చండి, కాగితం జిప్ కవర్లో వెనక్కి తెచ్చుకోండి.

మన తిరుమల కొండ వెయ్యి మీటర్ల లోపే, ఇది మూడు వేలు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకు గుండె, ఊపిరితిత్తుల ఇబ్బంది ఉంటే డాక్టర్ని అడగకుండా రాత్రి అక్కడ పడుకోబెట్టకండి. ఎవరికైనా తలనొప్పితో పాటు వాంతులు మొదలైతే, నడక తూలితే, తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే కిందికి దిగాలి. అందుకే వెళ్లగానే కారు ముఖం రోడ్డు వైపు తిప్పి పెట్టండి, తాళం ఎక్కడుందో పెద్దవాళ్లందరికీ చెప్పి పడుకోండి.