పెన్‌డ్రైవ్ విండోస్‌తో సర్వర్‌లోకి వెళ్లేవారికి

ప్రశ్న: మా కోచింగ్ సెంటర్ వెబ్‌సైట్ కోసం చిన్న వీపీఎస్ (అద్దెకు ఇచ్చే వర్చువల్ సర్వర్) తీసుకున్నాం. ఉబుంటు, డెబియన్, ఆల్మాలినక్స్ అనే మూడు లినక్స్ రకాలు, విండోస్ సర్వర్ అని నాలుగు ఆప్షన్లు చూపిస్తోంది. సైట్ పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉంది. నాకు లినక్స్ కమాండ్లు పెద్దగా రావు. విండోస్ అయితే మౌస్‌తో పని గడిచిపోతుందని మిత్రుడు అంటున్నాడు. ఏది మేలు? - గుంటూరు పాఠకుడు

జవాబు: పీహెచ్‌పీ అన్నారు కాబట్టి విండోస్ సర్వర్‌ను పక్కన పెట్టేయండి. లైసెన్స్‌కు అదనంగా కట్టాలి, చిన్న వీపీఎస్‌లో ఉండే ఒకటి రెండు జీబీల ర్యామ్‌తో అది మూలుగుతూ నడుస్తుంది. మైక్రోసాఫ్ట్ వారి పాత ఏఎస్‌పీ డాట్‌నెట్‌లో రాసిన అప్లికేషన్ ఉన్నవాళ్లకు తప్ప దానితో పని లేదు. మీ మిత్రుడు ఒక సంగతి చెప్పలేదు. మౌస్‌తో పని జరగాలని చాలామంది రిమోట్ డెస్క్‌టాప్‌ను (దూరం నుంచి సర్వర్ తెరను వాడే సదుపాయం) నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచిపెడతారు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ ముఠాలు ఎక్కువగా దూరే దారుల్లో అదొకటి.

మిగతా మూడింటిలో ఏది గొప్పదన్న వాదనలోకి నేను దిగను, దిగేవాళ్లు చాలామందే ఉన్నారు. అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయో అది చూడండి. ఉబుంటు 24.04 ఎల్‌టీఎస్‌కు (ఎక్కువకాలం అప్‌డేట్లు ఇచ్చే వెర్షన్) 2029 దాకా వస్తాయి. 25.04 లాంటి మధ్య వెర్షన్లు తొమ్మిది నెలలకే చేతులెత్తేస్తాయి, అయినా కొత్త నంబరు కదా అని వాటిని సర్వర్‌లో పెట్టేవాళ్లున్నారు. డెబియన్‌కు మూడేళ్లు, ఎల్‌టీఎస్ కింద మరో రెండేళ్లు. ప్రకటించిన తేదీకీ గ్యారంటీ లేదనుకోండి. సెంటాస్ 8 అనే లినక్స్‌కు 2029 దాకా అన్నారు, 2021 డిసెంబర్ 31తో దుకాణం కట్టేశారు. అప్పుడు రోడ్డున పడ్డవాళ్ల కోసం పుట్టిందే ఆల్మాలినక్స్. కమాండ్లు రావంటున్నారు కాబట్టి మీరు ఉబుంటు ఎల్‌టీఎస్ తీసుకోండి. ఏ ఎర్రర్ వచ్చినా వెతికితే జవాబు తొందరగా దొరుకుతుంది.

సర్వర్ ఆన్ చేసి, ఒక పూట ఆగి లాగిన్ లాగ్ తెరిచి చూడండి. 'రూట్'కు (సర్వర్ ప్రధాన ఖాతా) పాస్‌వర్డ్ తప్పు, 'అడ్మిన్'కు తప్పు, 'టెస్ట్'కు తప్పు అంటూ లైన్లకు లైన్లు కనిపిస్తాయి. మీ కోచింగ్ సెంటర్ మీద ఎవరికో కక్ష ఉండి కాదు. కనిపించిన ప్రతి ఐపీ అడ్రస్‌నూ తట్టి చూసే బాట్ల (ఆటోమేటిక్ ప్రోగ్రాముల) పని అది. ఎస్‌ఎస్‌హెచ్ కీ (పాస్‌వర్డ్‌కు బదులు లాగిన్‌కు వాడే కీ ఫైల్) పెట్టుకుని, పాస్‌వర్డ్ లాగిన్, రూట్ లాగిన్ రెండూ ఆపేయండి. ఆపే ముందు రెండో విండోలో కీతో లాగిన్ అయి చూసుకోండి. మొదటి విండో అప్పటిదాకా మూయొద్దు, లేదంటే మీ సర్వర్‌కు మీరే బయట నిలబడతారు.

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం. విండోస్ లేకుండా అమ్మే డాస్ మోడల్ ల్యాప్‌టాప్ తక్కువకు వస్తే కొని, షాపులోనే విండోస్ 11 వేయించుకున్నాను. 8 జీబీ ర్యామ్. వెబ్ డెవలప్‌మెంట్‌కు డ్యూయల్ బూట్ (ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ రెండూ) మంచిదా, డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడపడం) సరిపోతుందా? అన్నట్టు, విండోస్‌లోని యాంటీవైరస్ డిఫెండర్ ఏదో ఫైల్‌ను మాటిమాటికీ పట్టుకుంటోంది, అందుకే ఆపేశాను. - కరీంనగర్ విద్యార్థి

జవాబు: 'అన్నట్టు' అని చివర్లో తగిలించిందే అసలు ప్రశ్న బాబూ. ఇలాంటి ఉత్తరం రాని వారం లేదు.

షాపులో ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. కుర్రాడు పెన్‌డ్రైవ్ పెట్టాడు, డిఫెండర్ ఆపాడు, లైసెన్స్ లేకుండా విండోస్‌ను నడిపించే యాక్టివేటర్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేశాడు. అందులో ఏముందో అతనికీ తెలియదు. ఇలాంటి వాటిలో దాక్కుని వచ్చే ఇన్ఫోస్టీలర్లు బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లతో పాటు లాగిన్ కుకీలనూ (మీరు లాగిన్ అయి ఉన్నారని గుర్తుపెట్టుకునే సమాచారం) ఎత్తుకెళ్తాయి. కుకీ దొంగ చేతికి చిక్కితే చాలాచోట్ల ఓటీపీ కూడా అడ్డురాదు, ఎందుకంటే మీరు అప్పటికే లాగిన్ అయి ఉన్నారు. డెవలపర్ మెషీన్‌లో ఇంకా ఉంటాయి: ఎస్‌ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ, కోడ్ దాచుకునే గిట్ ఖాతా టోకెన్లు, క్లౌడ్ పాస్‌వర్డ్‌లున్న కాన్ఫిగ్ ఫైళ్లు. రేపు ఆ గుంటూరు ఆయన సైట్ పని మీకే అప్పజెప్పారనుకోండి. సర్వర్‌లో లినక్స్ ఉంది, కీ ఉంది, అన్నీ ఉన్నాయి. పోయేది మాత్రం మీ ల్యాప్‌టాప్‌లోంచే.

తప్పంతా మీ మీద వేయలేను. డాస్ మోడల్ కొన్నవాడు దాంట్లో డాస్ వాడడని అమ్మేవాళ్లకు తెలియదా? తెలిసే అమ్ముతారు. పోనీ లైసెన్స్ కొన్నవాడైనా సుఖంగా ఉన్నాడా అంటే అదీ లేదు. ఆన్‌లైన్ అకౌంట్ ఇస్తే తప్ప ఇన్‌స్టాల్ కదలదు, స్టార్ట్ మెనూ తెరిస్తే ఏదో యాప్ ప్రకటన. డబ్బు కట్టినవాడికి యాడ్స్, కట్టనివాడికి మాల్‌వేర్!

సరే, చేయాల్సింది వినండి. ఆ విండోస్‌ను యాంటీవైరస్‌తో కడిగి వాడుకుందామనుకోవద్దు. ముందు వేరే మెషీన్ నుంచి మెయిల్, గిట్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని సెషన్లనూ లాగౌట్ చేసి, పాత కీలు, టోకెన్లు రద్దు చేయండి. డాక్యుమెంట్లు, ఫొటోలు మాత్రం కాపీ చేసుకుని డిస్క్ మొత్తం ఫార్మాట్ కొట్టండి. లైసెన్స్ కొనే వీలు లేకపోతే నేరుగా ఉబుంటు వేయండి. వెబ్ డెవలప్‌మెంట్‌కు ఏ లోటూ ఉండదు. ప్లేస్‌మెంట్ పరీక్షల్లో కాపీ కొట్టకుండా కనిపెట్టే ప్రాక్టరింగ్ సాఫ్ట్‌వేర్లు మాత్రం చాలావరకు విండోస్‌నే అడుగుతాయి, వాటిని కాలేజీ ల్యాబ్‌లో రాయొచ్చో లేదో కనుక్కోండి.

లైసెన్స్ కొంటే డబ్ల్యూఎస్‌ఎల్ బాగానే ఉంటుంది. కాకపోతే మామూలు సెట్టింగ్స్‌లో అది ర్యామ్‌లో సగం దాకా తీసుకోగలదు, మీ 8 జీబీలో బ్రౌజర్ ఉక్కిరిబిక్కిరవుతుంది. పరిమితి పెట్టుకోండి. ప్రాజెక్టును సీ డ్రైవ్‌లో కాక లినక్స్ హోమ్ ఫోల్డర్‌లో ఉంచండి, వేగంలో తేడా మీకే తెలుస్తుంది. డ్యూయల్ బూట్ చేస్తే మాత్రం పార్టిషన్ ముట్టుకునే ముందే బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) 48 అంకెల రికవరీ కీ ఎక్కడుందో చూసి కాగితం మీద రాసుకోండి.

ప్రశ్న: మా డీటీపీ, జిరాక్స్ సెంటర్‌లో విండోస్ 7 మీద పేజీలు డిజైన్ చేసే పేజ్‌మేకర్ 7, అను తెలుగు ఫాంట్లు వాడుతున్నాం. శుభలేఖలు, కరపత్రాలు అన్నీ వాటిలోనే. లినక్స్‌కు మారొచ్చా? - ఖమ్మం పాఠకుడు

జవాబు: ఆ మెషీన్‌ను మార్చకండి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత వెర్షనే లేదు. మీ పాత ఫైళ్లు ఇప్పుడు అన్నిచోట్లా చదవగలిగే యూనికోడ్‌లో లేవు, లినక్స్‌లో తెరవబోతే మిగిలేది తలనొప్పే. అయితే విండోస్ 7కు మామూలు అప్‌డేట్లు 2020 జనవరి 14తోనే ఆగిపోయాయి కాబట్టి దాని నెట్ వైరు పీకేయండి. వాట్సాప్ వెబ్, ఆధార్ ప్రింట్లు, ఆన్‌లైన్ దరఖాస్తులు వేరే పాత సిస్టమ్‌లో లినక్స్ మింట్ వేసి చేసుకోండి. వేసే ముందు లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) బూట్ చేసి, మీ ప్రింటర్ మీద ఒక టెస్ట్ పేజీ తీసి చూడండి. కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్‌ను మింట్‌లోనే పెట్టి, కావాల్సిన ఫొటో, పీడీఎఫ్ మాత్రమే మీ సొంత పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పేరుకుపోయిన జనం ఆధార్ కాపీలను రోజూ షట్టర్ దించే ముందు డిలీట్ చేయండి, ట్రాష్‌తో సహా.