చికాగో నది గడ్డకట్టినప్పుడు దాని మీద నడవవచ్చా?

నడవవచ్చా అని అడిగారు. నడవకండి. 2019 జనవరిలో నేను వంతెన మీద నిలబడి చూసి వచ్చాను. ఆ మాత్రానికే తల ప్రాణం తోకకు వచ్చింది.

ఆ నెల 30న విమానాశ్రయం దగ్గర మైనస్ 23 ఫారెన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 31 సెల్సియస్ నమోదైంది. గాలి కూడా తోడై, ఒంటికి తెలిసే చలి మైనస్ 45 దాటింది. ఉత్తరాల బట్వాడా ఆపేశారు. రైలు పట్టాలు రెండు దారులుగా చీలే చోట్ల, అవి బిగుసుకుపోకుండా గ్యాసు మంటలు పెట్టారు. ఇంట్లో కూర్చోమని అందరూ చెబుతుంటే నేను ఫోటో కోసం బయలుదేరాను. పది నిమిషాల నడకలో కనురెప్పల వెంట్రుకలు అతుక్కుపోయాయి. ఊపిరి తడికి మఫ్లరు అట్టముక్కలా బిగుసుకుంది. సగానికి పైగా చార్జింగ్ ఉన్న ఫోను ఒక్క ఫోటో తీసి ఆరిపోయింది.

నది అద్దంలా ఉంటుందనుకున్నాను. పగిలిన పలకలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి, ఒరుసుకుంటూ కిర్రుమంటున్నాయి. వాటి సందుల్లో నల్లటి నీరు, దాని మీద పొగలు, అచ్చం ఎసరు మరుగుతున్నట్టు! సున్నా డిగ్రీల నీరు కూడా ఆ గాలి కంటే 30 డిగ్రీలు వెచ్చన కదా, లేచిన ఆవిరి లేచినట్టే పొగమంచు అయిపోతోంది.

అసలు చిక్కు ఆ సందులతోనే. శుద్ధి చేసిన మురుగునీరు ఈ నదిలోకే వస్తుంది, చలికాలంలోనూ అది కాస్త వెచ్చగానే ఉంటుంది. అడుగున ప్రవాహం ఆగదు. పడవలు దారి కోసం మంచును పగలగొడుతుంటాయి. మనిషి నడవడానికి 10 సెంటీమీటర్ల మందం చాలంటారే, ఆ లెక్క కదలని చెరువు మీద కట్టిన గట్టి మంచుకు. నదిలో ఇక్కడ జానెడు మందం ఉంటే రెండడుగుల అవతల వేలెడు కూడా ఉండకపోవచ్చు. పైన కురిసిన మంచు ఆ తేడాను కప్పేస్తుంది. కాలు జారి లోపల పడితే ప్రవాహం పలక కిందికి లాక్కుపోతుంది, పడిన కన్నం మళ్ళీ దొరకదు.

అయిదు రోజులకే ఎండ వచ్చి 10 డిగ్రీలు దాటింది. కోటు గుండీలు విప్పుకుని మళ్ళీ అదే వంతెన మీదికి వెళ్ళి, తీరిగ్గా ఫోటోలు తీసుకున్నాను. ముక్కు చివర తోలు మాత్రం ఇంకో వారం ఊడుతూనే ఉంది.