ప్రొడక్షన్ ఒక్కటే చాలంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మేం చెన్నై పెరంబూర్‌లో ఉంటాం. మావారు ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. మా అమ్మాయి ఇక్కడే విస్‌కామ్ (విజువల్ కమ్యూనికేషన్ డిగ్రీ) రెండో సంవత్సరం చదువుతోంది. సినిమా విద్యార్థులకు శని, ఆదివారాల్లో మూడు వర్క్‌షాపులు పెడుతున్నారట: సినిమా విమర్శ, ప్రొడక్షన్, ప్రేక్షకుల అధ్యయనం. ఒక్కోటి 7,500 రూపాయలు, మూడూ కలిపి తీసుకుంటే 18,000. ప్రొడక్షన్ ఒక్కటే చేస్తానని, మిగతా రెండూ కూర్చుని కబుర్లు చెప్పుకోవడమేనని తనంటోంది. సినిమాలు చూడటానికి ఫీజేమిటని మావారు అసలు ఏదీ వద్దంటున్నారు. ఈ సర్టిఫికెట్లతో ఉద్యోగం వస్తుందా? ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు సర్టిఫికెట్ సంగతి తేల్చేద్దాం. దాన్ని చూసి సినిమావాళ్లు ఎవరూ పని ఇవ్వరు. తమిళ పరిశ్రమలో చాలా శాఖల్లో పనిచేయాలంటే ఫెఫ్సీ (దక్షిణాది సినిమా కార్మికుల సమాఖ్య) కింద ఉన్న ఆయా సంఘాల కార్డు కావాలి. ఆ కార్డు నియమాలు వేరు, వారాంతపు వర్క్‌షాపుకీ వాటికీ సంబంధం లేదు. అంతవరకు మీవారి అనుమానం సబబే. కానీ నన్నడిగితే, ఈ మూడింట్లో ఒక్కటే అంటే ప్రేక్షకులది తీసుకోమంటాను. రెండు చేయగలిగితే విమర్శ కూడా కలపమంటాను. ప్రొడక్షన్‌ది చివరి స్థానం.

మీ అమ్మాయికి ఇది రుచించదు. విస్‌కామ్‌లో చేరినవాళ్లకి కెమెరా చేతికి ఎప్పుడొస్తుందా అనే ఉంటుంది, అందులో తప్పేం లేదు. అయితే కెమెరా, లైటింగ్, ఎడిటింగ్ కాలేజీలో ఎలాగూ చెప్తారు. మిగిలింది రేపు ఎవరి దగ్గరైనా అసిస్టెంట్‌గా చేరితే మొదటి షెడ్యూల్‌లోనే నేర్పేస్తారు, తిట్లతో సహా. చూసేవాడికి ఎక్కడ విసుగొచ్చిందో కనిపెట్టడం మాత్రం సెట్లో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అక్కడ ఎవరికీ ఆ తీరిక ఉండదు.

ప్రేక్షకుల వర్క్‌షాపు సరిగ్గా నడిపితే ఎలా ఉంటుందో చెప్తాను. పిల్లల్ని థియేటర్‌కి తీసుకెళ్లి, తెరను వదిలేసి జనాన్ని చూడమంటారు. ఫోన్ల వెలుగు ఎన్నో నిమిషంలో మొదలైంది, ఏ సీన్‌కి జనం లేచి క్యాంటీన్ వైపు నడిచారు, ఏ డైలాగ్‌కి ముందు వరసలు నవ్వితే వెనక వరసలు నవ్వలేదు, ఇవన్నీ టైముతో సహా రాసుకోవాలి. బయటికొచ్చాక "సినిమా నచ్చిందా" అని అడగకూడదు. అలా అడిగితే మొహమాటానికి బాగుందనే అంటారు. "కథ ఒకసారి చెప్పండి" అనాలి. చెప్తూ చెప్తూ వాళ్లు దాటేసిన సీన్లు ఉంటాయి చూశారా, అవి వాళ్లకి ఎక్కలేదన్నమాట.

తను తీసిన షార్ట్ ఫిల్మ్‌కీ ఇదే పరీక్ష. రఫ్ కట్‌ని, అంటే ఇంకా తుదిమెరుగులు దిద్దని ఎడిటింగ్ ప్రతిని, స్నేహితులకి కాకుండా ముక్కూ మొహం తెలియని పదిహేను, ఇరవై మందికి చూపించాలి. తీసినమ్మాయి గదిలో ఉంటే నోరు మెదపకూడదు. ప్రశ్నల కాగితం సినిమా అయిన వెంటనే, వాళ్లలో వాళ్లు మాట్లాడుకోకముందే నింపించాలి. లేకపోతే గట్టిగా మాట్లాడే ఒకాయన అభిప్రాయమే గదిలో అందరిదీ అయిపోతుంది. ఇంత చిన్న విషయం తెలియక, కాలేజీలో చప్పట్లు కొట్టించుకున్న షార్ట్ ఫిల్మ్ బయట ఎందుకు తేలిపోయిందో అర్థం కాక తలపట్టుకునే పిల్లలు నా దగ్గరికి చాలామందే వస్తారు.

వ్యాపారం లెక్క కూడా ఇందులోనే రావాలి. పోస్టర్ మీద వేసే కలెక్షన్లు మామూలుగా గ్రాస్. అందులోంచి పన్ను, థియేటర్ వాటా పోగా డిస్ట్రిబ్యూటర్‌కి మిగిలేది షేర్. తెలుగులో నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర అన్నట్టే తమిళ వ్యాపారంలో చెంగల్పట్టు, కోయంబత్తూరు, మదురై-రామనాథపురం, తిరునెల్వేలి-కన్యాకుమారి అని ఏరియాలుంటాయి. ఇవేవీ తెలియకుండా డిగ్రీ పూర్తిచేసినవాళ్లు ఒక నిర్మాత ఆఫీసులో కూర్చుంటే అక్కడి మాటలు సగం అర్థం కావు.

మీ అమ్మాయికి ఒక వెసులుబాటు ఉంది, దాన్ని తను గమనించిందో లేదో. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఒక తెలుగు సినిమాకి తెలుగు షో, దాని తమిళ డబ్బింగ్ షో రెండూ చెన్నైలోనే చూడొచ్చు. రెండింట్లోనూ నవ్వులు ఎక్కడ పడ్డాయో పక్కపక్కన రాసుకుంటే, ఏ జోకు భాష దాటలేదో కాగితం మీదే కనిపిస్తుంది. ఈ కసరత్తుకి ఎవరి ఫీజూ అక్కర్లేదు. డబ్బింగ్ మాటల రచయితకి, సబ్‌టైటిల్స్ రాసేవాళ్లకి, ట్రైలర్ కట్ చేసేవాళ్లకి రోజూ తగిలే సమస్య ఇదే. డబ్బింగ్‌లో తెర మీద నటుడి పెదాలు మూసుకున్నచోట మన మాటలో ప, బ, మ లాంటి అక్షరం పడాలి, అర్థం చెడకూడదు, వాక్యం అదే నిడివిలో అయిపోవాలి. సబ్‌టైటిల్ అయితే రెండు లైన్లలో, చదివే టైములో ఇమడాలి. తమిళ సినిమాలకి తెలుగు డబ్బింగ్ కోడంబాక్కం, సాలిగ్రామం చుట్టుపక్కల స్టూడియోల్లో ఇప్పటికీ జరుగుతూనే ఉంది. మన సినిమా దశాబ్దాలపాటు పుట్టి పెరిగిందీ అక్కడే. వడపళనిలో విజయా-వాహినీ స్టూడియోలు ఉన్న స్థలంలో ఇప్పుడు ఆసుపత్రి, మాల్ ఉన్నాయి కానీ పని మాత్రం ఆ వీధుల్ని పూర్తిగా వదల్లేదు.

ఇక్కడ మిమ్మల్ని ఒక మాట అడగాలి. తనకి తెలుగు చదవడం, రాయడం వచ్చా? తమిళనాడులో 2006 నాటి చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. దాంతో మన ఇళ్లలో చాలామంది పిల్లలకి తెలుగు చెవికి తెలుసు, కంటికి తెలియదు. రాకపోతే ఏ వర్క్‌షాపుకన్నా ముందు మీరే రోజూ ఒక అరగంట కూర్చోబెట్టి నేర్పండి. పైన చెప్పిన పనులన్నిటికీ అదే పెట్టుబడి.

విమర్శ వర్క్‌షాపు గురించి మీవారి ప్రశ్న న్యాయమైనదే. రివ్యూలు రాసి నెల జీతం తీసుకునే ఉద్యోగాలు తక్కువ. జాతీయ సినిమా అవార్డుల్లో ఉత్తమ విమర్శకుడికి 1980ల నుంచీ అవార్డు ఉంది గానీ, అది ఇంటి అద్దె కట్టదు. యూట్యూబ్‌లో రివ్యూ చెప్పి సంపాదించేవాళ్లు ఉన్నారు. వాళ్లలో కొందరు డబ్బు తీసుకుని ఏ సినిమానైనా పొగుడుతారు, ఆ దారి మీ అమ్మాయికి వద్దు. విమర్శ అక్కరకొచ్చేది స్క్రిప్టులు చదివే పనిలో. నిర్మాణ సంస్థలకి, ఓటీటీలకి కథలు కుప్పలుగా వస్తాయి. వాటిని చదివి కథ సారాంశం, బలం, లోపం, తీసుకోవచ్చా లేదా అన్నది రెండు మూడు పేజీల్లో రాసిపెట్టే మనిషి కావాలి. "ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ ల్యాగ్" అని రాస్తే అక్కడ కుదరదు.

కాబట్టి ఆ వర్క్‌షాపులో ఏం చేయిస్తారో కనుక్కోండి. ఒక ఐదు నిమిషాల సీన్ తీసుకుని మొదట సౌండ్ తీసేసి చూడటం, తర్వాత బొమ్మ లేకుండా సౌండ్ ఒక్కటే వినడం, ఆ తర్వాత షాట్లు లెక్కపెట్టి ప్రతి కట్ అక్కడే ఎందుకు పడిందో రాయడం లాంటివి ఉంటే ఫీజు కట్టొచ్చు. పేరున్న వాళ్లెవరో వచ్చి తమ అనుభవాలు చెప్పి ఫొటోలు దిగి వెళ్లే పద్ధతైతే మీ అమ్మాయి అన్నదే నిజం, కబుర్లే. రాసిన రివ్యూని వాక్యం వాక్యం దిద్ది వెనక్కిస్తారా అన్నది కూడా తప్పకుండా అడగండి.

ప్రొడక్షన్ అంటే కెమెరా పని అనుకుంటోందేమో తననోసారి అడిగి చూడండి. చాలావరకు అది స్క్రిప్టుని సీన్లవారీగా విడగొట్టడం, బడ్జెట్ వేయడం, ఏ రోజు ఎవరు ఎన్నింటికి రావాలో రాసే కాల్ షీట్ తయారుచేయడం, లొకేషన్‌కి పర్మిషన్ తేవడం, తీసిన ఫుటేజ్‌ని ఆ రోజే రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించడం. అది తెలిసీ చేస్తానంటే అడ్డు చెప్పకండి. ఒక్కో కెమెరాకి ఎంతమంది పిల్లలు, తన వంతు ఎన్నిసార్లు వస్తుంది, రాత్రి షూట్ ఉంటే ఇంటికి ఎవరు దింపుతారు అన్నవి మాత్రం ముందే తేల్చుకోండి.

రెండు తీసుకుంటే 15,000, ఇంకో 3,000 వేస్తే మూడోదీ వస్తుంది కదా అని మీకు అనిపిస్తుంది. ప్రొడక్షన్ వర్క్‌షాపు అసలు ఖర్చు ఫీజులో కనిపించదు. ఆటోలు, యూనిట్‌కి భోజనాలు, లెన్స్ అద్దె, అన్నీ పిల్లలే పంచుకుంటారు. పైగా షూటింగ్ పేరుతో సెమిస్టర్ పరీక్షలు దెబ్బతినే ప్రమాదం ఉంది. డిగ్రీ ఆగకూడదు. పుణేలో ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలో ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐ లాంటి ప్రభుత్వ సినిమా శిక్షణ సంస్థల్లో పీజీ స్థాయి కోర్సులకి ఏదో ఒక డిగ్రీ ఉండాలి. ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐలో ప్రొడ్యూసింగ్‌కే విడిగా కోర్సు ఉంది, ప్రొడక్షన్ మీద మనసుంటే తన దృష్టి దాని మీద పెట్టమనండి. పుణేలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌తో కలిసి ఎఫ్‌టీఐఐ ఏళ్లుగా నడుపుతున్న ఫిల్మ్ అప్రీసియేషన్ కోర్సు కూడా విమర్శ వైపు వెళ్లేవాళ్లకి మంచిదే.

మీవారికి 15,000 కూడా ఎక్కువనిపిస్తే ప్రేక్షకులది ఒక్కటి కట్టండి. విమర్శకి డిసెంబర్‌లో చెన్నై అంతర్జాతీయ చిత్రోత్సవం ఉంది, జర్మన్, ఫ్రెంచ్ భాషా సంస్కృతి కేంద్రాలైన గోథే ఇన్‌స్టిట్యూట్‌లో, అలయన్స్ ఫ్రాన్సేజ్‌లో సినిమాలు వేస్తుంటారు. చూసిన ప్రతిదానికీ ఒక పేజీ రాసి, తెలుగులో ఒకటి తమిళంలో ఒకటి, ఆ పేజీలు దాచుకోమనండి. రేపు స్క్రిప్టులు చదివే పని అడగడానికి వెళ్లినప్పుడు చూపించాల్సినవి అవే. ఫీజు కట్టేముందు మాత్రం, వాయిదాల్లో తీసుకుంటారా, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారు అన్నది నోటిమాటగా కాకుండా రాతలో తీసుకోండి.