ఆరో తరగతికి హోంవర్కు ఎంత ఉండాలి? ఏ సబ్జెక్టు మీద ఎక్కువ కూర్చోవాలి?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. మా అబ్బాయి ఐదు దాకా ఊళ్లో ఎలిమెంటరీ స్కూల్లో చదివి, ఈ ఏడు జెడ్పీ హైస్కూల్లో ఆరో తరగతిలో చేరాడు. సబ్జెక్టుకో మాస్టారు. అందరూ హోంవర్కు ఇస్తున్నారు. రాత్రి పదింటిదాకా రాస్తూనే ఉంటాడు. అయినా ఎఫ్‌ఏ-1లో (బడిలో ఏడాది మొదట పెట్టే చిన్న పరీక్ష) లెక్కలు, హిందీ మార్కులు బాగా తగ్గాయి. ట్యూషన్ పెట్టమంటారా? మా తోటికోడలి కొడుకు భీమవరంలో ఐఐటీ ఫౌండేషన్‌లో ఉన్నాడు. మా వాణ్ణి కూడా అక్కడ వేసేద్దామా అని ఇంట్లో అనుకుంటున్నాం.

జవాబు: అమ్మా, పదింటిదాకా రాయడానికీ, మార్కులు తగ్గడానికీ కారణం ఒకటే కావచ్చు. ముందు బాబు నోటుబుక్కులు తీసి చూడండి. సైన్సు, సోషల్ జవాబులు గైడులో ఉన్నవి ఉన్నట్టు దిగాయా? లెక్కలు ఒక్క కొట్టివేత కూడా లేకుండా బోర్డు మీదివే వరసగా ఉన్నాయా? అలా ఉంటే బాబు చేస్తున్నది చదువు కాదు, చూచిరాత. దానికి చెయ్యి అరుగుతుంది గానీ బుర్రకు పని ఉండదు. పుస్తకం మూసి ఒక్క లెక్క చేయమనండి, ఒక్క జవాబు సొంతమాటల్లో చెప్పమనండి. అయిదు నిమిషాల్లో మీకే తెలిసిపోతుంది.

2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం రెండో తరగతి దాకా హోంవర్కే ఉండకూడదు. మూడు నుంచి అయిదు దాకా వారానికి రెండు గంటలు, ఆరు నుంచి ఎనిమిది దాకా రోజుకు గంట, తొమ్మిది, ఆపై తరగతులకు రోజుకు రెండు గంటలు మించకూడదు. సంచి బరువు పిల్లవాడి బరువులో పదో వంతు దాటకూడదు. ముప్పై కిలోల పిల్లవాడికి మూడు కిలోలన్నమాట. అయిదులో ఒకరిద్దరు టీచర్లే అన్నీ చెప్పేవారు కాబట్టి ఎంత ఇచ్చారో వాళ్లకే తెలిసేది. హైస్కూల్లో తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్ ఎవరివి వాళ్లు ఇస్తారు. ఒక్కొక్కరూ ఇరవై నిమిషాల పనే ఇచ్చినా రెండు గంటలవుతుంది. తప్పు ఎవరిదీ కాదు, కలిపి చూసేవాళ్లు లేరు, అంతే. అందుకని క్లాస్ టీచర్ని కలిసి ఒక్క మాట అడగండి: లెక్కలు రోజూ ఇచ్చి, మిగతావి రోజుకు రెండు చొప్పున వంతులేసుకోగలరా అని. వారం రోజులపాటు ఏ సబ్జెక్టుకు ఎన్ని నిమిషాలు పట్టిందో ఒక కాగితం మీద రాసుకుని చూపించండి. ఊరికే "ఎక్కువైపోతోందండీ" అంటే పని జరగదు, కాగితం చూపిస్తే జరుగుతుంది.

ఇంట్లో గంటను ఇలా పంచండి. లెక్కలకు ఇరవై అయిదు నిమిషాలు, హిందీకి పదిహేను, మిగతా ఇరవై ఆ రోజు వంతొచ్చిన సబ్జెక్టులకు. బడి నుంచి రాగానే కూర్చోబెట్టకండి, ఏదైనా తిని ఓ గంట ఆడుకోనివ్వండి. వానాకాలం కరెంటు పోయే రోజుల్లో మాత్రం వెలుతురుండగానే లెక్కలు అవగొట్టించండి.

ఇక లెక్కల సంగతి. ఆరులో మూడుచోట్ల పిల్లలు పడిపోతారు: భిన్నాలు, దశాంశాలు, రుణసంఖ్యలు. ఈ మూడూ రాకుండా ఏడులో సమీకరణాలు, ఎనిమిదిలో బీజగణితం అర్థం కావు. అందుకే మిగతా వాటికంటే దీని మీద ఎక్కువ చెబుతున్నాను.

భిన్నాల్లో అందరూ చేసే పొరపాటు పైవి పైవి, కిందవి కింద కూడేయడం. 1/2 + 1/4 అడిగితే 2/6 అంటారు. దీన్ని సూత్రంతో దిద్దితే నాలుగు రోజుల్లో మర్చిపోతారు, గింజలతో దిద్దితే మర్చిపోరు. ఇంట్లో పాత కొలతలుంటే బయటికి తీయండి. కుంచానికి రెండు అడ్డలు, నాలుగు మానికలు. మానికకు రెండు తవ్వలు, తవ్వకు రెండు సోలలు. సోలంటే కుంచంలో పదహారో వంతు. అడ్డెడు బియ్యం పోసి, దానిమీద మానికెడు పోయించండి. ముప్పావు కుంచం కళ్ల ముందుంటుంది. 2/6 అంటే మూడో వంతు, అంటే అర కుంచం కన్నా తక్కువ. "బియ్యం కలిపితే తగ్గాయా నాన్నా?" అని అడగండి. తర్వాతే క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) పద్ధతి చేయించండి. కొలతలు లేకపోతే ఒకే రకం గ్లాసులు పదహారు తీసుకున్నా సరిపోతుంది.

దశాంశాల్లో 12.6 కన్నా 12.45 పెద్దదంటారు, ఆరు కన్నా నలభై అయిదు పెద్దది కదా అని. మనవైపు దీనికి మంచి ఉదాహరణ ఏటా వరదల్లో దొరుకుతుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. వార్తల్లో 12.6 అని చెబితే దాన్ని 12.60గా రాయించి, రెండో హెచ్చరికకు ఇంకా ఎంతుందో తీయించండి. 1.15 రావాలి. చుక్క కింద చుక్క రాకపోతే జవాబు తప్పుతుందని బాబుకే తెలుస్తుంది. ఆ 0.75 అడుగు అంటే తొమ్మిది అంగుళాలని కూడా చెప్పండి. రుణసంఖ్యలకు కాలవ గట్టు చాలు. గట్టు అంచు సున్నా అనుకుంటే, నీళ్లు మూడడుగులు కిందుంటే −3, అయిదడుగులు కిందుంటే −5. ఏది పై మట్టం అని అడిగితే −3 పెద్దదని వాడే చెబుతాడు.

రోజూ కొత్త లెక్కలు అయిదు, నిన్న తప్పినవి రెండు. తప్పును రబ్బరుతో చెరపనివ్వకండి. ఒక గీత కొట్టి పక్కన సరైనది రాయించండి. ఎక్కడ జారాడో మాస్టారికి అప్పుడే కనబడుతుంది.

హిందీ మన సర్కారు బడుల్లో ఆరులోనే మొదలవుతుంది కాబట్టి ఎఫ్‌ఏ-1లో మార్కులు తగ్గాయని బెంగపడకండి. వరుస మన అక్షరమాల వరుసే గనుక రోజుకు అయిదు అక్షరాల చొప్పున నేర్పినా రెండు వారాలు చాలు. చిక్కంతా పోలికల్లో ఉంది. మ, భ ఒకేలా ఉంటాయి, ఘ, ధ కూడా అంతే. హ్రస్వ ఇకారం గుర్తు అక్షరానికి ఎడమ పక్కన రావాలి, మన పిల్లలు అలవాటుగా కుడిపక్కన వేసేస్తారు. జంటలుగా రాయించి పైకి చదివించండి. పదిలో ఉత్తీర్ణతకు హిందీలో 20 మార్కులు చాలని, తక్కినవాటిలో 35 కావాలని విని చాలామంది దాన్ని వదిలేస్తారు. అక్షరాలు ఆరులో వంటబట్టకపోతే పదిలో ఆ ఇరవై కూడా కష్టమే.

సైన్సు, సోషల్ పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. తెలుగు పేజీ పైకి చదివించి, ఇంగ్లీషు పేజీలో అవే మాటలు అయిదు వెతికించి గీత గీయించండి. తర్వాత పుస్తకం మూసి మూడు వాక్యాలు రాయాలి. ఇంగ్లీషు తప్పులున్నా పరవాలేదు. గైడు మాత్రం అటక మీద పెట్టేయండి.

తెలుగులో శ, ష, స, అలాగే ల, ళ తేడాలకు రోజూ పది మాటలు చెప్పి రాయిస్తే సరిపోతుంది.

ట్యూషన్‌కు ముందు ఒక పరీక్ష పెట్టండి: 408ని 12తో భాగించమనండి, 6.3 నుంచి 2.75 తీసివేయమనండి, 3/4కు 1/8 కలపమనండి. 34, 3.55, 7/8 రావాలి. మూడూ తప్పితే ఒక్క లెక్కలకు రెండు మూడు నెలలు పెట్టించండి. అక్కడ అయిదో తరగతి లెక్కల నుంచి మొదలెట్టాలని ముందే చెప్పండి. రేపటి హోంవర్కు పూర్తిచేయించి పంపే ట్యూషనయితే డబ్బు దండగ.

ఫౌండేషన్ ఇప్పుడు వద్దు. అక్కడ పై తరగతుల పాఠాలు ముందుకు లాక్కొస్తారు. భిన్నాలు తడబడే పిల్లవాడు సూత్రాలు బట్టీపట్టి, పైకి రాణించినట్టు కనబడతాడు. ఎనిమిదిలో సైన్సు రెండుగా, భౌతిక రసాయన శాస్త్రం, జీవశాస్త్రంగా విడిపోతుంది. బాబు మొగ్గు ఎటో అప్పుడు చూద్దాం.

బడి మార్చేముందు ఇంకొక లెక్క కూడా వేసుకోండి. ఎనిమిదిలో రాసే ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్షకు ప్రభుత్వ, జెడ్పీ, ఎయిడెడ్ బడుల పిల్లలే అర్హులు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి, ఆ నాలుగేళ్లూ అలాంటి బడుల్లోనే చదువుతుండాలి. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 50 చాలు. పరీక్షలో తర్కానికి 90 ప్రశ్నలు, పాఠాలకు 90. అంటే వచ్చే ఏడాది మార్కులు ఇప్పటి అయిదో ఆరో మార్కుల్లా మర్చిపోయేవి కావు. దరఖాస్తు వేళ చాలామందిని ఆపేది పేరు తేడా. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, బడి రికార్డులో పొడి అక్షరంగా ఉంటుంది, లేదా పుట్టినతేదీ కలవదు. ఈ వారంలోనే హెడ్‌మాస్టరు గారి దగ్గర రికార్డు చూసి, తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి.