డాక్టర్ సలహా: సైన్యం నుంచి వచ్చేసినా ఉలికిపాటు పోలేదు.. ఇది ముదురుతుందా?

ప్రశ్న: నా వయసు 47. సైన్యంలో హవల్దార్‌గా రిటైరై, చిత్తూరులో సెక్యూరిటీ ఉద్యోగం చేస్తున్నాను. కశ్మీర్‌లో ఉండగా మా కాన్వాయ్‌పై దాడి జరిగింది. గంగజాతరలో టపాసులు పేలితే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. అప్పుడప్పుడు అదే కల వస్తుంది. ఉద్యోగం, సంసారం మామూలుగానే సాగుతున్నాయి. దీన్ని పట్టించుకోకుండా వదిలేయవచ్చా? - ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: వదిలేయవద్దు, అలాగని భయపడనూ వద్దు. ఇలాంటి భయంకర ఘటనల తర్వాత వచ్చే మానసిక వ్యాధి, పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ (పీటీఎస్‌డీ) అని నిర్ధారించాలంటే, జరిగిన ఘటన కలలుగా, జ్ఞాపకాలుగా వెంటాడటం, దాన్ని గుర్తుచేసే చోట్లకు, మాటలకు దూరంగా తప్పుకోవడం, మనసు మొద్దుబారి అయినవాళ్లతో కూడా అంటీముట్టనట్టు ఉండటం, ఎప్పుడూ ఏదో ముప్పు పొంచి ఉందన్నట్టు అప్రమత్తంగా ఉండటం అనే నాలుగు రకాల లక్షణాలూ నెలకు మించి కొనసాగుతూ, రోజువారీ జీవితాన్ని దెబ్బతీస్తూ ఉండాలి. మీరు రాసినదాంట్లో మొదటిదీ చివరిదీ మాత్రమే, అవి కూడా స్వల్పంగానే కనిపిస్తున్నాయి. మిమ్మల్ని స్వయంగా పరీక్షించకుండా ఇంతకు మించి చెప్పడం సరికాదు.

మీరు అడిగిన అసలు విషయానికి వస్తే, ఘటన జరిగిన ఆరు నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్లు గడిచాక కూడా ఈ వ్యాధి పూర్తిస్థాయిలో బయటపడవచ్చు. అయితే ఏ లక్షణమూ లేనివారిలో అది హఠాత్తుగా పుట్టుకురావడం అరుదు. 2007లో వెలువడిన ఒక పరిశోధన సమీక్ష ప్రకారం, సైనికుల పీటీఎస్‌డీ కేసుల్లో సగటున 38 శాతం, సాధారణ పౌరుల్లో 15 శాతం, పాత లక్షణాలే ముదిరి లేదా తిరగబెట్టి ఆలస్యంగా వ్యాధిగా మారినవే. స్వల్ప లక్షణాలున్న వారందరికీ ఇలా జరగదు కానీ, ఆ లక్షణాలు లేనివారితో పోలిస్తే వారికి ముప్పు ఎక్కువ.

ముదరడానికి తోడయ్యేవి చాలావరకు రోజువారీ జీవితంలోనే ఉంటాయి. యూనిట్‌లో పక్క మంచంమీద అదే దాడిని చూసిన తోటి జవాను ఉంటాడు, చెప్పకుండానే అర్థం చేసుకుంటాడు. రిటైరయ్యాక ఆ తోడు ఉండదు. నైట్ డ్యూటీలతో నిద్ర చెడుతుంది. నిద్ర కోసం క్యాంటీన్ కోటా రమ్ము ఒక పెగ్గుతో మొదలై రోజూ తప్పనిసరి అవుతుంది. మద్యం మొదట నిద్ర పట్టించినా, తెల్లవారుజామున నిద్రను చెదరగొట్టి కలలను ఇంకా పెంచుతుంది. మీకు ఈ అలవాటు ఉంటే ముందుగా మార్చుకోవలసింది ఇదేనని గట్టిగా చెబుతున్నాను. వీలైతే పగటి షిఫ్టు అడగండి.

జాతరకు వెళ్లడం మానేయడం, తలుపు గడియలు పదేపదే చూసుకోవడం, పిల్లలపై అకారణంగా విరుచుకుపడటం వంటివి మొదలైతే ఆలస్యం చేయవద్దు. ఇలాంటి మార్పులను మీకంటే ముందు మీ ఇంటావిడే గమనిస్తారు కాబట్టి, డాక్టర్ దగ్గరకు ఆమెను కూడా తీసుకెళ్లండి. ఆ ఘటననే కేంద్రంగా చేసుకుని జరిపే మాటల చికిత్స, కంటి కదలికలతో చేసే ఈఎండీఆర్ బాగా పనిచేస్తాయి. అవసరమైతే సెర్ట్రాలిన్ వంటి మందులు ఇస్తారు. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు వేసుకోవడం మాత్రం వద్దు.

మాజీ సైనికులుగా మీకు ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) పాలిక్లినిక్ ద్వారా రిఫరల్ దొరుకుతుంది. తిరుపతి రుయా ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగంలోనూ చూపించుకోవచ్చు. ముందుగా ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ సమయంలోనైనా ఉచితంగా చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

- మానసిక వైద్య నిపుణులు, తిరుపతి