తప్పు వస్తే మళ్లీ పంపమంటే సరిపోదా?

డేటాలో తప్పు దొర్లితే చెక్‌సమ్‌తో (డేటా వెంట పంపే సరిచూపు అంకెతో) పట్టుకుని మళ్లీ పంపించుకోవచ్చు కదా, ఇంకా తప్పును అందుకున్నవైపే దిద్దుకునే ఈ ఎర్రర్ కరెక్టింగ్ కోడ్స్ నేర్చుకోవడం ఎందుకు అని అడిగారు. అడగడానికి అవతల ఎవరో ఒకరు ఉండాలి కదండీ! గీత పడిన సీడీని మళ్లీ పంపమని ఎవరిని అడుగుతాం? అంతరిక్షంలో ఎంతో దూరం వెళ్లిపోయిన వాయేజర్ 1 నౌక నుంచి సిగ్నల్ రావడానికే 20 గంటలు దాటుతుంది. మళ్లీ పంపమని చెప్పి జవాబు కోసం చూస్తే దాదాపు రెండు రోజులు.

అయితే నేను చెప్పాలనుకున్నది వేరు. ఈ సబ్జెక్ట్ చదివినవాళ్లలో చాలామంది కోడ్ గురించే ఆలోచిస్తారు, తప్పులు ఎలా వస్తున్నాయో చూడరు.

పెద్ద మోటార్ల పక్కన పెట్టిన వైర్‌లెస్ సెన్సర్ల పని ఒకసారి నా చేతికొచ్చింది. అప్పటికే అందులో హామింగ్ (7,4) కోడ్ పెట్టి ఉంది, అంటే నాలుగు డేటా బిట్లకు సరిచూసే పారిటీ బిట్లు మూడు కలిపి ఏడుగా పంపడం. అయినా మోటార్ ఆన్ చేసినప్పుడల్లా రీడింగులు పిచ్చిపిచ్చిగా వచ్చేవి. పంపిన బిట్లు, అందిన బిట్లు పక్కపక్కన ప్రింట్ తీసి తేడా ఉన్నచోటల్లా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. పేజీలకు పేజీలు శుభ్రంగా ఉన్నాయి, మధ్యలో ఒక్కోచోట మాత్రం ఎరుపంతా ఒకే కుప్ప.

ఆ కోడ్ ఏడు బిట్లలో ఒక్క తప్పునే దిద్దగలదు. 0000000 పంపితే మొదటి రెండు బిట్లు తిరగబడి 1100000 అందిందనుకోండి. అందుకున్నవైపు తప్పులు దిద్దే డీకోడర్ లెక్క వేసి తప్పు మూడో బిట్‌లో ఉందంటుంది, దాన్నీ తిప్పేస్తుంది. 1110000 అవుతుంది. అది కూడా సరైన కోడ్‌వర్డే, అంటే ఆ కోడ్ ఒప్పుకునే ఏడు బిట్ల వరుసే! బాగానే ఉన్న డేటా బిట్‌ను చెడగొట్టి, దిద్దేశానని చెబుతుంది.

కోడ్ మార్చలేదు. కోడ్‌వర్డ్‌లను వరుసలుగా పేర్చి, నిలువుగా పంపాం: ముందు అన్నిటి మొదటి బిట్లు, తర్వాత అన్నిటి రెండో బిట్లు, అలా. ఇంటర్‌లీవింగ్ అంటే అంతే. మోటార్ దెబ్బకు పక్కపక్క బిట్లు పోయినా, విడదీశాక ఒక్కో కోడ్‌వర్డ్‌కు ఒక్క తప్పే మిగిలింది. అదనంగా ఒక్క బిట్ కూడా పంపక్కర్లేదు, కాస్త ఆలస్యం భరిస్తే చాలు. సీడీల్లో రీడ్-సాలమన్ అనే మరో దిద్దుబాటు కోడ్‌తో పాటు ఇది కూడా ఉంటుంది, గీతలు తట్టుకునేది అందుకే.

పుస్తకాలతో నా గొడవ ఇదే. ప్రతి బిట్ దేనికది విడిగా చెడుతుందని మొదట్లో ఒక వాక్యం రాసేసి, మిగతా అధ్యాయాలన్నీ దానిమీదే నడిపిస్తారు. పరీక్షల్లో కూడా పారిటీ టేబులే. ఆ కోడ్ కనిపెట్టిన రిచర్డ్ హామింగ్ 1950లోనే పేపర్ వేశారు, ఇన్నేళ్ల తర్వాత కూడా ఇంటర్వ్యూకి వచ్చే పిల్లలకు బరస్ట్ ఎర్రర్ (ఇలా ఒకేచోట కుప్పగా వచ్చే తప్పులు) అంటే తెలియట్లేదు. పారిటీ బిట్లు దండగ, తీసేద్దాం అనే మేనేజర్లు ఇంకో రకం తలనొప్పి.

మీరన్న చెక్‌సమ్ కూడా కావాలి. డీకోడర్ మోసపోయిన సంగతి దానికే తెలియదు కాబట్టి వెనకాల సీఆర్‌సీ అనే చెక్‌సమ్ పెట్టాం. అది పట్టుకున్న ప్యాకెట్లను మాత్రం మళ్లీ పంపమనే అడుగుతాం.